హటో సాబ్ బండికి కొత్త బ్రేకు

మోటారు సైకిలు కదిలితే చాలు, ఆగడం ఆగకపోవడం దాని ఇష్టం అని జనం సర్దుకుపోయిన రోజులవి. మా నాన్నగారి తమ్ముడు, అంటే మా చిన్నాయన, హుస్సేనీ ఆలంలో బర్రెలను పెట్టుకుని చార్మినార్ చుట్టుపక్కల హోటళ్ళకు పాలు పోసేవాడు. ఏదో నవాబుల దేవిడీ వాళ్ళు కారు కొనుక్కుని వదిలించుకున్న పాత మోటారు సైకిలు ఆయన దగ్గర ఉండేది. దాని ముందు చక్రానికి పక్కగా, దానితో పాటే తిరిగే ఇంకో చిన్న ఇనుప చట్రం, చేతి పిడి నొక్కితే ఆ చట్రాన్ని ఒరుసుకునే ఒక దిమ్మ ఉండేవి. బ్రేకు అంటే అదే. (వానాకాలంలో అదీ లేదు.) లాడ్ బజారు మొదట్లో పిడిని రెండు చేతుల బలంతో నొక్కడం మొదలుపెడితే చార్మినార్ దగ్గరికి వచ్చేసరికి బండి మనిషి నడకకు దిగేది. ఈలోగా చిన్నాయన జనాన్ని తప్పుకోమంటూ "హటో, హటో" అని అరుస్తూ ఉండేవాడు. బజారంతా ఆయనను హటో సాబ్ అనే పిలిచేది. ఆయనకు అదో బిరుదు.

ఆ బిరుదు మా చిన్నమ్మకు మాత్రం నచ్చేది కాదు. ఒకసారి ఆమెను వెనక కూర్చోబెట్టుకుని జల్‌పల్లిలోని అత్తగారింటికి వెళ్ళి, వాకిట్లో ఆగాల్సినవాడు వాకిలి దాటి, కుడితి తొట్టి దాటి, గడ్డివాములోకి దూరి ఆగాడు. దెబ్బలేమీ తగల్లేదు. కానీ పుట్టింటి వాళ్ళందరి ముందు, తల నిండా గడ్డితో లేచి నిలబడిన చిన్నమ్మ ఇక తిరిగి రానంది. "బండి ఆగెటట్లైనంక రమ్మను. గప్పటిదాంక నేను రాను" అని మా నాన్నతో కబురు పంపింది. చిన్నాయనకు వంట రాదు, బర్రెలు ఆయన మాట వినవు, అన్నిటికీ మించి ఆయనకు ఆమె లేకుండా తోచదు. ఆ చివరి సంగతి మాత్రం ఆయన ఎవరితోనూ అనలేదు.

అప్పుడే మీసం మొలిచిన నేను ఒక మోటారు మరమ్మతు షెడ్డులో పని చేస్తున్నాను. బండ్ల గురించి నాకు తెలియనిది లేదన్న నమ్మకం నాకు బలంగా ఉండేది. (యజమానికి అంత నమ్మకం ఉండేది కాదు.) ప్రపంచ యుద్ధం అయిపోయి మిలటరీ వాళ్ళ పాత సామాను బజారులోకి వస్తున్న కాలం. అందులో ఒక ముందు చక్రం దొరికింది. చక్రం నడుమ గుండ్రటి డొల్ల, దాని లోపల రెండు బ్రేకు కట్టలు, పిడి నొక్కితే అవి విచ్చుకుని లోపలి నుంచి పట్టేస్తాయి. ఇరుసు లావుగా ఉంటే చిన్నాయన బండిలో చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కును ఆకురాయితో అరగదీశాను. బ్రేకు పట్టినప్పుడు ఆ డొల్లను మూసే పళ్ళెం కూడా చక్రంతో పాటు తిరగకుండా ఒక ఇనుప పట్టీ బిగించాను. కొత్త తీగ వేశాను. పెరట్లో బండిని తోసి పిడి నొక్కితే వెనక చక్రం గాలిలోకి లేచింది. ఇంత గొప్ప పని మా బస్తీలో ఎవరూ చేసి ఉండరనుకున్నాను.

"చిన్నాయనా, మెల్లగ పట్టాలె. ఇది పాత దాని లెక్క గాదు, గట్టిగ పడ్తది" అన్నాను.

"ఏందిరా, నాకు బండి నడుపుడు నేర్పుతవా? ఎక్కు" అన్నాడాయన. చిన్నమ్మను తీసుకురావడానికి ఉతికిన ధోవతి కట్టుకుని, నన్ను సాక్ష్యానికి వెనక పాల క్యాన్లు కట్టే క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని బయల్దేరాడు.

లాడ్ బజారు మొదలైంది. ఏళ్ళ తరబడి అలవాటుపడిన చేతులు ఎప్పుడూ నొక్కే చోట, ఎప్పుడూ నొక్కే బలంతో పిడిని నొక్కాయి. బండి అక్కడికక్కడే ఆగిపోయింది. నా ముక్కు వెళ్ళి ఆయన వీపుకు కొట్టుకుంది. తల ఎత్తి చూస్తే ఎదురుగా గాజుల దుకాణం. హటో సాబ్ బండి తన ముందు ఆగడం పుట్టి బుద్ధెరిగాక చూడని దుకాణదారు లేచి నిలబడి సలాం చేసి లోపలికి పిలిచాడు. "ఆయియే సాబ్, ఆయియే! అందర్ తష్రీఫ్ లాయియే!"

బ్రేకు పడి ఆగానని చెబితే పరువేముంటుంది? చిన్నాయన గొంతు సవరించుకుని, ఎప్పటి నుంచో అనుకుంటున్నట్టు మొహం పెట్టి దిగాడు. లక్క గాజులు చూపించమన్నాడు. కొలత ఎంతని అడిగాడు దుకాణదారు. దూడను చూసి అది పెద్దయ్యాక ఎన్ని పాలిస్తుందో చెప్పగల మనిషి, భార్య చేతి కొలత దగ్గర తెల్లమొహం వేశాడు. చివరికి నా చెయ్యి పట్టుకుని ముందుకు తోశాడు. "గిదంత ఉంటది."

గ్రీజు నల్లగా పట్టిన నా చేతికి, దుకాణంలోని ఆడవాళ్ళంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతుండగా, దుకాణదారు ఓపికగా ఒక ఎర్ర గాజు తొడిగాడు. తొడగడం ఆయన నేర్పు. తీయడం ఎవరి వల్లా కాలేదు. కోసేద్దామన్నాడు. "వద్దు వద్దు, గట్లనే ఉండనియ్" అని చిన్నాయన రెండోది జేబులో వేసుకుని బండెక్కాడు. నేను చెయ్యి చొక్కాలోకి దాచుకుని కూర్చున్నాను.

జల్‌పల్లిలోనూ అంతే. అత్తగారి వాకిట్లో ఆగాలంటే ఊరి మొదట్లో కల్లు దుకాణం దగ్గరే నొక్కడం ఆయనకు అలవాటు. నొక్కాడు, ఆగింది. లోపలి వాళ్ళు "రా రా అల్లుడా, ఒక్క ముంత తాగిపో" అని పిలిచారు. ఈసారి ఆయన దిగలేదు. బండి మీదే కూర్చుని, కాళ్ళతో నేలను తోసుకుంటూ వెళ్ళి సరిగ్గా వాకిట్లో ఆపాడు. దూడలను, పిల్లలను లోపలికి లాక్కుని అరుగెక్కి నిలబడ్డ అత్తవారు మెల్లగా కిందికి దిగారు.

చిన్నాయన మామగారితో మాట్లాడుతుండగా చిన్నమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. నా చేతికి వెన్న రాసి గాజు తీస్తూ మెల్లగా అడిగింది. "నిజం జెప్పు పిలగా. గాజులు కొనాల్నని ఆయన ఆపిండా, బండే ఆగిందా?"

పనిమంతుడికి ఇంతకంటే ఏం కావాలి? "బండే ఆగింది చిన్నమ్మా! నేనేసిన బ్రేకు! మస్తు పడ్డది. కల్లు దుకాణం కాడ గూడ గట్లనే ఆగింది" అన్నాను.

ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "కల్లు దుకాణం కాడ దిగిండా?"

"లే. పిలిచినా దిగలే."

"గాజుల కాడ?"

"దిగిండు."

"మరింకేంది? బండిని ఆపింది నీ బ్రేకే. ఆయనను దింపింది గూడ నీ బ్రేకేనా?"

గాజు ఊడి వచ్చింది. వెన్న తుడవకుండానే ఆమె దాన్ని చేతికి వేసుకుంది. వదులుగా మోచేతి దాకా జారింది. "నా చెయ్యి గింతుంటదా" అని నవ్వింది. మూట సర్దుకోవడానికి లేచింది.

బండి మీద ముగ్గురికి చోటు లేదు కాబట్టి నేను నడిచి రావాలని తేలింది. నా బ్రేకును మెచ్చుకున్నవారు కూడా ఎవరూ లేరు. ముఖం మాడ్చుకుని వాకిట్లో నిలబడ్డాను. చిన్నాయన "గట్టిగ పట్టుకో" అన్నాడు. చిన్నమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసి, వీధి మలుపు తిరిగేదాకా తీయలేదట. ఆ సంగతి తర్వాత ఎప్పుడో చిన్నమ్మ వాళ్ళ అమ్మ చెబితే తెలిసింది. నేను కూడా అక్కడే ఉన్నాను, రెండు కళ్ళూ తెరుచుకునే ఉన్నాను. చూసింది మాత్రం ముందు చక్రాన్నే.