భార్య ఒప్పుకోలేదట

హార్త్‌వెయిట్ టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బులో గోల్‌కీపర్‌గా చేరడానికి డెనిస్ హోయల్ వచ్చిన రోజున, ఆఫీసు చూసుకునే మిస్ క్రాషా పొరపాటున వేరే కాగితం అతని ముందు పెట్టింది. డెనిస్‌కి అప్పటికి పందొమ్మిదేళ్లు. ఆ కాగితాన్ని పైనుంచి కింది దాకా శ్రద్ధగా చూసి, "అంతా సరిగ్గానే ఉందండీ" అని సంతకం పెట్టాడు. మిస్ క్రాషా కాగితం వెనక్కి తీసుకుని ఒకసారి చూసుకుంది. లేచి వెళ్లి తలుపు మూసింది.

"అబ్బాయ్, గడ్డి కోసే మిషను రిపేరుకి నువ్విప్పుడు ఒప్పుకున్నావు" అంది.

డెనిస్ ముఖం కందగడ్డలా అయింది.

"ఇంకెవరికి తెలుసు?" అంది ఆవిడ.

"ఎవరికీ తెలీదండీ. సంతకం ఒక్కటీ మా అక్క నేర్పింది."

"సరే. ఇకమీదట నీ పేరున ఏ కాగితం వచ్చినా ముందు నా దగ్గరికి పట్టుకురా. నేను చదివి చెప్పాకే సంతకం. అర్థమైందా?"

1969 ఆగస్టులో జరిగిందిది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆవిడ ఆ మాట నిలబెట్టుకుంది. ఎవరితోనూ ఒక్క ముక్క అనలేదు.

చిన్నప్పుడు బడిలో నలభై ఏడుగురు పిల్లలకి ఒక్కడే మాస్టారు. డెనిస్ మనిషి పొడుగు, మాట తక్కువ. అక్షరాలు కళ్లముందు చీమల్లా పాకేవి. చదవమంటే నీళ్లు నమిలేవాడు, మాస్టారు బెత్తం తీసేవాడు. కొన్నాళ్లకి మాస్టారికే విసుగొచ్చి, బల్లలు జరపడానికీ బొగ్గులు మోయడానికీ వాణ్ణి వాడుకోవడం మొదలుపెట్టాడు. పదిహేనేళ్లకి బడి వదిలేసేనాటికి డెనిస్‌కి బంతి పట్టుకోవడం వచ్చు, బొగ్గులు మోయడం వచ్చు. అంతే.

క్లబ్బులో నెట్టుకొచ్చాడు. గోడకి అంటించే జట్టు జాబితాలో గోల్‌కీపర్ పేరు అందరికంటే పైన ఉంటుంది, అది అతనికి పెద్ద అదృష్టం. బస్సులో పక్కవాడు పేపరు పేజీ తిప్పినప్పుడల్లా తనూ ఒక పేజీ తిప్పేవాడు. హోటల్లో "నాకూ అదే" అనేవాడు. పక్కన కూర్చునే ఫుల్‌బ్యాక్‌కి వేయించిన కాలేయం అంటే ప్రాణం. డెనిస్‌కి ఆ వాసనే పడదు. అయినా మూడేళ్లపాటు, పరాయి ఊరు వెళ్లిన ప్రతిసారీ అదే మింగాడు. "నా కూతురికి ప్రేమతో అని రాసివ్వు డెన్" అని ఎవరైనా పుస్తకం చాపితే వట్టి సంతకం గీకి ఇచ్చేసేవాడు. వీడికి కాస్త పొగరనుకున్నారు జనం. పొగరనుకుంటేనే నయమనిపించేది అతనికి.

1972లో బెరిల్‌ని పెళ్లాడాడు. ఆమె బడి వంటింట్లో పనిచేసేది. పెళ్లయిన రెండో వారంలో ఒకరోజు, అమ్మ దగ్గరికి వెళ్తున్నానని, మాంసం ఓవెన్ పై అరలో వేడిగా ఉందని చీటీ రాసి బల్లమీద పెట్టి వెళ్లింది. సాయంత్రం వచ్చి చూస్తే మొగుడు ఆకలితో నకనకలాడుతూ ఆ చీటీ ముందే కూర్చుని ఉన్నాడు. బెరిల్ చీటీ వంకా అతని వంకా చూసింది. మర్నాటినుంచి, "నాకు గట్టిగా చదివితేగానీ బుర్రకెక్కదు" అంటూ పేపరు పైకి చదవడం మొదలుపెట్టింది. ఆ సంగతి వాళ్లిద్దరి మధ్యా అలా మాటల్లోకి రాకుండానే ఉండిపోయింది.

ఆటలో మాత్రం అతనికి తిరుగులేదు. మార్చి నెలకల్లా గోలు ముందు గడ్డి పోయి బురదయ్యేది, దాంట్లో రంపపు పొట్టు పోసేవాళ్లు. ఆ మురికిలో పడి లేచి అతను ఆపిన బంతుల గురించి ఊళ్లో వారమంతా చెప్పుకునేవాళ్లు. 1977 వసంతంలో లండన్‌లోని పెద్ద క్లబ్బు ఒకటి అతన్ని అడిగింది. నాలుగో డివిజన్ నుంచి ఏకంగా మొదటి డివిజన్‌కి. డెనిస్ ఒక్కడే రైలెక్కి వెళ్లాడు.

అక్కడి మేనేజరు భుజం తట్టి, వేడి టీ ఇచ్చి, నాలుగు పేజీల ఫారం, పెన్నూ చేతిలో పెట్టాడు. "పాత దెబ్బలు, జబ్బులు, ఇంట్లోవాళ్ల వివరాలు, అన్నీ రాసెయ్. నేనిప్పుడే వస్తాను. ఎల్లుండి నుంచే ప్రాక్టీసు."

గది తలుపు మూసుకుంది. డెనిస్ ఫారం వంక చూశాడు. ఇరవై నిమిషాలు చూశాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఇక్కడ మిస్ క్రాషా లేదు. ఈ ఫారం ఎలాగో దాటినా రేపు ఇంకోటి వస్తుంది. కొత్త జట్టు, కొత్త హోటళ్లు, కొత్త వీధుల పేర్లు. అన్నీ మొదటినుంచీ దాచుకుంటూ రావాలి. మేనేజరు తిరిగొచ్చేసరికి ఫారం ఖాళీగానే ఉంది, డెనిస్ కోటు వేసుకుని నిలబడి ఉన్నాడు.

"క్షమించండి సార్. మా ఆవిడ ఒప్పుకోవడం లేదు."

"ఇప్పుడా చెప్పడం?"

"ఊరు వదిలి రానంటోంది సార్."

హార్త్‌వెయిట్‌లో ఛైర్మన్‌కీ అదే మాట చెప్పాడు, బయటికి పొక్కనివ్వద్దని బతిమాలాడు. ఇంట్లో మాత్రం, "వాళ్లకి నేను నచ్చలేదు" అన్నాడు. బెరిల్ "పోనీలే" అంది.

అయినా ఊరంతా పాకింది. మాంసం కొట్టుకి వెళ్తే కొట్టతను బెరిల్‌కి రెండు ముక్కలు ఎక్కువేసేవాడు. "నువ్వు ఆపకపోతే మా గోలు ఖాళీ అయిపోయేది తల్లీ" అనేవాడు. పక్కనుంచి ఆ మాట విన్నప్పుడల్లా డెనిస్ భయంగా ఆమె మొహంకేసి చూసేవాడు. బెరిల్ నవ్వి ఊరుకునేది. ఏదో వేళాకోళం అనుకుంటోంది కాబోలని అతను తనకి తాను సర్దిచెప్పుకునేవాడు.

పద్దెనిమిది సీజన్లు ఆడాడు. ఇంకా రెండు క్లబ్బులు అడిగాయి. రెండిటికీ వెళ్లకుండానే కాదన్నాడు. ముప్పైఏడో ఏట మోకాలు మొరాయిస్తే ఆట మాని, అక్కడే గోల్‌కీపర్లకి కోచ్ అయ్యాడు. దానికి ఆ రోజుల్లో ఏ కాగితమూ అక్కర్లేదు. కుర్రాళ్లని గోడవైపు తిప్పి నిలబెట్టేవాడు. వెనక బంతి తన్నిన చప్పుడు విని గిరుక్కున తిరిగి పట్టుకోవాలి. ఎవడి ఎడమ మోకాలు భయపడుతోందో, ఎవడు గాలిని చూసుకోవడం లేదో ఒక్క పూటలో చెప్పేసేవాడు. మేనేజర్లు వస్తున్నారు, పోతున్నారు, డెనిస్ ఉన్నాడు. "క్లబ్బుతోపాటు కట్టిన గోడరా వీడు" అనేవాళ్లు. మెచ్చుకోలుగానే అనేవాళ్లు. పొద్దున్నే గేటు తాళం తీస్తుంటే అతనికి మాత్రం తాళం ఏ వైపునుంచి వేసి ఉందో తెలిసేది కాదు. మిస్ క్రాషా రిటైరై, కొన్నాళ్లకి కన్నుమూసింది. ఆ తర్వాత ఏ కాగితం వచ్చినా ఇంటికి తెచ్చి బల్లమీద పడేసేవాడు, బెరిల్ "ఇదేమిటో చూద్దాం" అంటూ పైకి చదివేది.

2004లో శిక్షణ అంతటికీ పెద్దగా లూయిస్ ఫెంటన్ అనే ముప్పైరెండేళ్లతను వచ్చాడు. మర్యాదస్తుడే. కానీ ప్రతి ప్రాక్టీసూ కంప్యూటర్లో రాసి పెట్టాలన్నాడు.

"నా వేళ్లు చూడు బెరిల్, ఆ బొత్తాల మీద పడవు" అన్నాడు డెనిస్. విరిగి అతుక్కున్న వేళ్లు నిజంగానే పక్కలకి తిరిగి ఉన్నాయి.

"నువ్వు చెప్పు, నేను కొడతా" అంది బెరిల్. ఒక సీజనంతా అలాగే గడిచింది. "మీ రిపోర్టులు చదువుతుంటే ఆట కళ్లకి కట్టినట్టుంటుంది డెన్!" అని ఫెంటన్ మెచ్చుకున్నాడు కూడా.

మరుసటి ఏడు జూలైలో ఒక మధ్యాహ్నం ఫెంటన్ కోచ్‌లందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు. లైసెన్సు లేని కోచ్ మ్యాచి రోజున జట్టు పక్కన కూర్చోకూడదని, లైసెన్సుకి రాతపరీక్ష ఉందని కొత్త నిబంధన. కాగితాలు పంచి, "వరసగా ఒక్కొక్కరం ఒక్కో పేరా పైకి చదువుదాం" అన్నాడు.

డెనిస్‌కి ముందు ముగ్గురున్నారు. తర్వాత ఇద్దరు. తర్వాత ఒక్కడు. యాభైఐదేళ్ల మనిషికి బడిబల్ల, బెత్తం చప్పుడు గుర్తొచ్చాయి.

"కళ్లజోడు మర్చిపోయా. నన్ను దాటెయ్యండి" అన్నాడు.

"నాది పెట్టుకో, ఇద్దరిదీ ఒక వయసేగా" అని పక్కనున్న ఫిజియో తన జోడు తీసి అతని ముక్కుమీద పెట్టేశాడు. అందరూ నవ్వారు. తర్వాత అందరూ ఎదురుచూశారు. తెలియని అక్షరాలు ఇప్పుడు మసకగా కూడా ఉన్నాయి. డెనిస్ జోడు తీసి బల్లమీద పెట్టి, లేచి, బయటికి నడిచాడు. మైదానం దాటి, గేటు దాటి, కొండవాలు మీద ఇంటిదాకా ఆగకుండా నడిచాడు.

బెరిల్ అప్పుడే బడినుంచి వచ్చి చెప్పులు విప్పుతోంది.

"నాకు చదవడం రాదు" అన్నాడు, గుమ్మంలోనే.

"తెలుసుగా డెన్. ముందు కూర్చో."

"అది కాదు. లండన్ వాళ్లకి నేను నచ్చకపోవడం కాదు. కాగితం నింపమన్నారు. నేను... నువ్వు ఒప్పుకోలేదని చెప్పి వచ్చేశా."

"అదీ తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేముంది? మర్నాడు పేపర్లో వేశారు. 'భార్య ఒప్పుకోలేదట' అని, ఇంత లావు అక్షరాలతో. నీకు పేపరంతా చదివి వినిపించాను. ఆ ఒక్కటీ వదిలేశాను."

డెనిస్ కుర్చీలో కూలబడ్డాడు. ఇరవైఎనిమిదేళ్లు.

"ఒక్క మాటైనా అడగలేదేం?"

"అడిగితే మిగతాదీ అడగాల్సొచ్చేది. దాక్కోవడానికి నీకు ఇంకెక్కడా చోటు లేదని తెలుసు నాకు." ఆమె గొంతు అప్పుడు మారింది. "కోపం రాలేదనుకోకు. మాంసం కొట్టువాడు ఆ రెండు ముక్కలు వేసిన ప్రతిసారీ అవి నీ మొహాన విసరాలనిపించేది."

మర్నాడు వెళ్లి ఫెంటన్‌కి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఫెంటన్ పెన్ను పక్కన పెట్టాడు. "మీరు చెప్పడం మంచిదైంది డెన్. కానీ నిబంధన నేను పెట్టింది కాదు" అన్నాడు. ఆ సీజన్ నుంచి డెనిస్‌ని చిన్నపిల్లల జట్టుకి మార్చారు. శనివారాలు జట్టు పక్కన అతని చోటులో వేరే ఎవరో కూర్చున్నారు.

సొంత ఊళ్లో చదువుకి వెళ్లడానికి మొహం చెల్లక, అరగంట బస్సు ప్రయాణం చేసి పక్కూరి లైబ్రరీకి వెళ్లేవాడు. మంగళవారాలు మేడమీద గదిలో పెద్దవాళ్లకి క్లాసు. మొదటిరోజు పక్క కుర్చీలో బట్టతల మనిషొకడు ఇతన్నే తేరిపార చూశాడు.

"నువ్వు హోయల్‌వి కదూ?"

డెనిస్ కూడా గుర్తుపట్టాడు. ఒకప్పుడు ఆ ఊరి క్లబ్బుకి ఆడిన ఫార్వర్డ్, టెర్రీ ఆస్పిన్. "నువ్వు నా వేలు విరగ్గొట్టావు."

"ఏదీ, చూపించు. అయ్యో, వంకరగానే అతుక్కుందే! బంతి వదిలెయ్యాల్సింది."

"బంతి నా చేతుల్లో ఉందిరా!"

"రిఫరీ ఏమీ అనలేదుగా?"

"తాతగార్లూ, మూడో పేజీ" అంది చదువు చెప్పే అమ్మాయి.

ఆస్పిన్ గొంతు తగ్గించాడు. "మా ఆవిడ పోయింది. వచ్చిన ఉత్తరాలన్నీ బ్రెడ్డు డబ్బాలో పడేస్తున్నా. ఇప్పుడు బ్రెడ్డుకి చోటు లేదు." ఆ మాట విన్నాక డెనిస్ వేలు సంగతి మళ్లీ ఎత్తలేదు.

చదువు సులువుగా ఏమీ రాలేదు. కొన్ని మంగళవారాలు పుస్తకం బస్సులోంచి విసిరేయాలనిపించేది. లైసెన్సు పరీక్ష ఒకసారి తప్పాడు. యాభైఎనిమిదో ఏట, ప్రశ్నలు వేరొకరు చదివి వినిపించే వీలుందని ఫెంటనే కనుక్కుని చెప్పాక, రెండోసారి గట్టెక్కాడు. మళ్లీ పెద్ద జట్టు పక్కన కూర్చున్నాడు. ఇంకో ఐదేళ్లు చేశాడు.

రిటైరైన రోజున క్లబ్బు హాల్లో విందు పెట్టారు. డెనిస్ తనే రాసుకున్న కాగితం తీసి, వేలు పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు.

"లండన్ వెళ్లకుండా నన్ను ఆపింది బెరిల్ కాదు. నాకు చదవడం వచ్చేది కాదు. కాగితం నింపలేక పారిపోయి వచ్చాను. నింద ఆవిడ మీద వేశాను."

వెనక బల్లనుంచి ఎవరో, "పెళ్లాం దగ్గర మార్కులు కొట్టేస్తున్నాడ్రోయ్!" అని అరిచారు. హాలంతా గొల్లుమంది. చప్పట్లు, బల్లలు చరచడం. డెనిస్ "కాదు, నిజం" అంటూనే ఉన్నాడు, ఎవరికీ వినపడలేదు. కొత్త ఛైర్మన్ బెరిల్ రెండు చేతులూ పట్టుకుని, "ఏమైనా ఆ రోజు మీరు ఆపి మంచిపని చేశారమ్మా" అన్నాడు.

బయట టాక్సీ కోసం నిలబడ్డారు. సన్నగా వాన పడుతోంది.

"చెప్పానుగా. నమ్మలేదు" అన్నాడు డెనిస్.

"నమ్మరు. వాళ్లకి ఆ కథే బాగుంది." బెరిల్ రుమాలు తలకి కట్టుకుంది. "నువ్వు నిజం చెప్పు. చదవడం వచ్చుంటే వెళ్లేవాడివా?"

"వెళ్లేవాణ్ణి."

"నేనూ వచ్చేదాన్ని. నువ్వు రైలెక్కిన మధ్యాహ్నమే బడి వంటింట్లో పని మానేస్తున్నానని చెప్పేశా. నువ్వు తిరిగొచ్చాక మళ్లీ వెళ్లి బతిమాలుకుని చేరాను."

డెనిస్ ఆమె వంక తిరిగాడు. అంతలో హాల్లోంచి బయటికొచ్చిన ఒక పెద్దాయన టోపీ ఎత్తి, "థాంక్సమ్మా బెరిల్, మా డెన్‌ని మాకు ఉంచావు" అనుకుంటూ వెళ్లిపోయాడు.

"దానిదేముందిలెండి" అంది బెరిల్.