ఐదో గ్లాసు

కోరుట్లలో తెల్లవారగానే వీధులు ఊడ్చే రాజక్కకు తెలియని ఇల్లు లేదు. ఇరవై రెండేళ్లుగా మున్సిపాలిటీ చీపురు పట్టింది. ఎవరి కొడుకు దుబాయి నుంచి చెప్పాపెట్టకుండా దిగాడో, ఎవరింట్లో అత్తాకోడళ్లకు మాటల్లేవో ఏడింటికల్లా వాడకట్టంతా చెప్పేస్తుంది. "మా అక్క నోట్ల నువ్వుగింజ నానది" అని తమ్ముడు సామేలు నలుగురిలో అంటే తనూ నవ్వేది.

ఎనిమిది నెలల కింద విరేచనంలో నెత్తురు కనబడితే అదీ దాచుకోలేదు. మొదట చెప్పింది సామేలుకే. అతను సిరిసిల్లలో బట్టల మిల్లులో పనిచేస్తాడు.

"వేడి చేసింది తీ అక్కా. కోడికూర బంద్ చెయ్యి, మజ్జిగ తాగు" అన్నాడు ఫోనులో.

అన్న ప్రేమ్‌సాగర్‌కూ చివర్లో ఇలాగే నెత్తురు పడేది. మొలలు ముదిరి, పైనుంచి కామెర్లయి పోయాడని ఇంట్లో చెప్పారు. అన్న వాడిన మొలల మందే రాజక్క తెచ్చుకుని మింగింది. చీపురు పట్టి వంగితే కళ్లు తిరిగే రోజులు వచ్చాక గానీ జగిత్యాలలో డాక్టరు దగ్గరికి పోలేదు. ఆయన పెద్దపేగులోకి పైపు పంపి చూసే కొలనోస్కోపీ పరీక్ష రాశాడు. తోడు మనిషి లేకుంటే పరీక్ష చేయబోమని అక్కడివాళ్లు గట్టిగా చెప్పారు. కొడుకు క్రాంతి సౌదీలో ఉన్నాడు. సామేలు సెలవు పెట్టుకుని ముందురోజు సాయంత్రమే వచ్చాడు.

పరీక్ష మధ్యాహ్నం. పొద్దున్నే పేగు కడిగే పొడి ప్యాకెట్టు రెండు లీటర్ల నీళ్లలో కలిపి, పావుగంటకో గ్లాసు తాగాలి. రాజక్క మొదటి గ్లాసు ఎత్తగానే సామేలు ఆపాడు.

"గట్ల తాగకు. సల్లగ చేస్కో, నిమ్మచెక్క నాకుకుంట తాగు. నాలుగు గ్లాసులదాక నడుస్తది. ఐదో గ్లాసుకు కడుపుల తిప్పుతది, గప్పుడు కొంచెం ఆగు. ముందే కొబ్బరినూనె రాస్కో, లేకుంటే మండుతది."

"గివన్ని నీకెవలు చెప్పిండ్రురా?"

"మిల్లుల ఒకాయన చేపిచ్చుకున్నడు."

సరిగ్గా ఐదో గ్లాసుకే తిప్పింది. పదిన్నరకల్లా ఆమె పన్నెండుసార్లు లోపలికి పోయి వచ్చింది. సామేలు తలుపు బయట నిలబడి, "ఏం రంగుందక్కా? మూత్రం లెక్క తేటగస్తే అయిపోయినట్టే" అన్నాడు.

ఇరవై రెండేళ్లు ఊరి మాటలు మోసిన మనిషి రాజక్క. జనం ఏది చెప్పుకుంటారో, ఏది చెప్పుకోరో ఆమెకు తెలుసు. మిల్లులో ఏ మగవాడూ ఆ రంగు గురించి చెప్పుకోడు.

ఆస్పత్రిలో నర్సు సింధూజ వెనక తెరిచి ఉండే గౌను తొడిగించి, చేతికి సూది పెట్టింది. "ఎడమపక్కకు తిరిగి పండుకోవాలమ్మా. మత్తిస్తం, నొప్పి తెల్వది. గాలి నింపుతరు, లేచినంక కడుపు ఉబ్బరంగ ఉంటది. భయపడకు" అంది. తర్వాత కాగితం ముందేసుకుంది. "మీ రక్తసంబంధంల ఎవరికన్న పెద్దపేగు క్యాన్సర్ ఉండెనా?"

"లేదు బిడ్డా."

పెన్ను కాగితాన్ని తాకబోతుండగా సామేలు నోరు తెరిచాడు. "గట్ల రాయకుండ్రి మేడం. మా అన్నకుండె. నలభై తొమ్మిదేండ్లకు బయటపడ్డది."

"తోడబుట్టినోళ్లు ఎవరన్న పరీక్ష చేపిచ్చుకున్నరా?"

"నేను చేపిచ్చుకున్న. రెండేండ్లాయె. ఏం లేదన్నరు."

రాజక్క తమ్ముణ్ని చూసింది. "నెల రోజులు అన్న పక్కబట్టలు నేనే ఉతికిన గదరా."

"అందర్ని చూపిచ్చుకోమని డాక్టరు గప్పుడే చెప్పిండక్కా. అన్ననే వద్దన్నడు. రాజికి చెప్తే కోరుట్లంత తెలుస్తది, ఇంటికి పేరు పడ్తదన్నడు."

"అన్న సచ్చిపోయి నాలుగేండ్లాయె. మొన్న నేను నెత్తురని చెప్పినప్పుడు నువ్వు బతికే ఉన్నవు గద?"

నర్సు ఆమెను లోపలికి తీసుకుపోయింది.

మెలకువ వచ్చేసరికి కడుపు డోలులా ఉంది. పైపు పోయిన సంగతి తెలియనే లేదు. రెండు చిన్న గడ్డలు తీసేశామని, మూడోది పెద్దదని, దాని ముక్క పరీక్షకు పంపామని డాక్టరు చెప్పాడు. పది రోజుల దాకా ఏమీ చెప్పలేనన్నాడు. మొదట్లోనే వచ్చుంటే అని మొదలుపెట్టి ఆపేశాడు.

కోరుట్ల బస్సులో రాజక్క కిటికీ పక్కన కూర్చుని, పక్క సీట్లో సంచి పెట్టింది. సామేలు వెనక సీట్లో కూర్చున్నాడు.

"మల్యాలల మన కృపకు ఎరికేనా?" వెనక్కి తిరగకుండా అడిగింది.

"లేదు. ఆమెకు చెప్తే నీకు చెప్తదని..."

రాజక్క ఫోను తీసి చెల్లెలు కృపారాణికి కలిపింది. బస్సంతా వినబడేలా మాట్లాడింది. "కృపా, అన్నయి మొలలు గావే. క్యాన్సర్. చిన్నోడు సప్పుడుగాక పరీక్ష చేపిచ్చుకొని, మనిద్దర్ని గాలికిడిసిండు. రేపే పో నువ్వు. ఏడ్వకు, ముందు నా మాటిను."

కండక్టరు టికెట్టు మిషను పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. అటునుంచి చెల్లెలు ఏదో అడిగింది.

"పరీక్ష ఎట్లుంటదా? ఆగు, నాకంటె ముందుగాల్ల తెలిసినోడు ఈన్నే ఉన్నడు." ఫోనును భుజం మీదుగా వెనక్కి చాపింది. "చెప్పురా. ఐదో గ్లాసు సంగతి దానికన్న చెప్పు."

సామేలు చేయి చాపలేదు. ఫోనులో కృపారాణి "హలో, హలో" అంటూనే ఉంది. రాజక్క చేయి దించలేదు.