కింద నంబరు చెప్పే మనిషి

కప్పు మీదికెక్కి డిష్ తిప్పేవాడికి ఆకాశం కన్నా ముందు కింద ఒక మనిషి కావాలి. పైనున్నవాడికి టీవీ కనపడదు. కిందున్నవాడికి డిష్ కనపడదు. అందుకని పైవాడు డిష్‌ను వెంట్రుకవాసి జరిపి "ఎంత?" అని అరుస్తాడు. కిందివాడు తెర మీది అంకె చూసి "నలభై" అని అరుస్తాడు. ఇంకో వెంట్రుకవాసి. "ఎంత?" "నలభై ఎనిమిది." అలా డెబ్బై, ఎనభై దాకా ఎక్కి, అక్కణ్ణుంచి మళ్లీ దిగడం మొదలైతే గానీ అన్నిటికన్నా పెద్ద అంకె ఏదో తెలియదు. అప్పుడు వెనక్కి వచ్చి, అక్కడ బోల్టు బిగించాలి.

డిష్‌లు బిగించే ఒకాయన ఈ "ఎంత?" అనే మాటను పదిహేనేళ్ల పాటు నానా రకాల కప్పుల మీద నిలబడి అరిచాడు. అరిచీ అరిచీ చివరికి అదే పేరై కూర్చుంది. ఎంతాయన. వీధిలో నిచ్చెన మోసుకుంటూ పోతుంటే పిల్లలు "ఎంత?" అని కూసి తలుపుల చాటుకు పారిపోయేవాళ్లు. ఆయన వెనక్కి తిరక్కుండానే "సున్నా! మీ లెక్కల మార్కులు!" అనేసి సాగిపోయేవాడు.

కింద నంబరు చెప్పేది ఆయన బావమరిది, భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. మీసాలు సరిగా రాకముందు నుంచీ బావ వెంట తిరిగినవాడు. మూడంతస్తుల కింద, కిటికీలు మూసిన గదిలోంచి అరిచినా పైకి వినపడే గొంతు. ఆ గొంతులో అంకెతో పాటు ఇంకా చాలా వచ్చేవి. "యా...భై" అని సాగదీస్తే మెల్లగా తిప్పమని. టక్కున "అరవై" అంటే అక్కడే ఆగమని. "బావా, కడుపులో సిగ్నల్ పోయింది" అంటే ఆకలేస్తోంది, ఇవాళ్టికి చాలు, దిగమని.

ఎవరింట్లో ఏం పాడైందో రాసుకునేది భార్య. అందరి దగ్గరా ఉన్నది ఆవిడ ఫోన్ నంబరే. పొద్దున్నే వరస చెప్పేది. "ఆకుపచ్చ గేటు ఇంటికి ముందు వెళ్లండి. వాళ్ల పాపకి మూడ్రోజుల్నుంచి జ్వరం, మంచం దిగనివ్వడం లేదు, బొమ్మల చానల్ లేకపోతే మందు మింగదట." వాళ్లకు పిల్లలు లేరు. తమ్ముణ్ణే పిల్లాణ్ణి చూసుకున్నట్టు చూసుకునేది. ముప్పై ఏళ్ల మగాడు చినుకులో తడిసి వస్తే తల తుడిచేది.

ఆవిడ పోయి రెండేళ్లవుతోంది. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు బావ పైన, బావమరిది కింద పని సాగింది. కానీ ఆ గొంతులో అంకెలు మాత్రమే మిగిలాయి. మిగతావన్నీ ఒక్కొక్కటే రాలిపోయాయి.

ఒక రోజు మిట్ట మధ్యాహ్నం, ఒకరింట్లో, బావమరిది అరవై నాలుగును డెబ్బై నాలుగని చెప్పాడు. ఎంతాయన బోల్టులన్నీ బిగించేసి, చెమటలు కక్కుతూ దిగివచ్చి, తెర చూసి మండిపడ్డాడు.

"కళ్లు నెత్తికెక్కాయా? చూసి చెప్పడం కూడా చేతకాకపోతే ఇంట్లో పడుకో!"

"తప్పయింది బావా. ఇవాళ అక్క పుట్టినరోజు కదా. అదే ఆలోచిస్తూ..."

ఆ సంగతి ఎంతాయనకు గుర్తు లేదు. గుర్తు లేదన్న ఉక్రోషం కూడా బావమరిది మీదికే మళ్లింది. "మీ అక్క ఉన్నన్నాళ్లూ నోరు మూసుకున్నాను. ఆవిడే లేదు. ఇప్పుడు నువ్వు నాకు ఏమవుతావురా?"

ఇంటిల్లిపాదీ వింటున్నారు. బావమరిది రిమోట్‌ను టీవీ పక్కన మెల్లగా పెట్టి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

రెండు వీధుల అవతల, మోటార్లకు తీగ చుట్టే కొట్లో పనికి కుదిరాడు. ఎంతాయన మీటరు కొనుక్కున్నాడు. అరచేతిలో ఇమిడే పెట్టె. డిష్ దగ్గర కేబుల్ విప్పి దానికి తగిలిస్తే సరి, సిగ్నల్ పెరిగిన కొద్దీ కీచుమని అరుస్తుంది. కింద మనిషితో పనే లేదు. "ఇది అలగదు, ఆకలనదు" అని కనపడిన వాళ్లందరికీ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ తనే నవ్వేవాడు.

అన్న మాట తప్పని ఆ సాయంత్రానికే తెలుసు. తెలియడం వేరు, వెళ్లి చెప్పడం వేరు. రెండుసార్లు ఆ మోటార్ల కొట్టు దాకా నడిచాడు. లోపల వంగి పనిచేసుకుంటున్న వీపు చూసి, మరెక్కడికో వెళ్తున్నవాడిలా ముందుకు సాగి, ఆ పక్క వీధిలోంచి చుట్టూ తిరిగి ఇంటికొచ్చాడు. ఫోన్ చేద్దామా అంటే ఇంకో చిక్కు. తన ఫోన్ ఒక డాబా మీంచి జారి ముక్కలయ్యాక ఆయన భార్య ఫోనే వాడుతున్నాడు. అందులో వాడి నంబరు "తమ్ముడు" అని ఉంది. ఎన్నోసార్లు ఆ పేరు దాకా వేలు వెళ్లింది. నొక్కితే వాడి ఫోన్లో ఏ పేరు వెలుగుతుందో ఆయనకు తెలుసు. "అక్క." లేని మనిషి పేరుతో ఫోన్ మోగితే వాడేమైపోతాడు? వేలు వెనక్కి వచ్చేసేది.

అలా పది నెలలు గడిచాక టైలరమ్మ ఇంటి వ్యవహారం వచ్చింది.

టైలరమ్మ ఒంటరి మనిషి. రేకుల కప్పు కింద ఒక గది, గదిలో కుట్టుమిషను, మిషనుకు ఎదురుగా టీవీ. "మిషను చప్పుడొక్కటే వింటే పిచ్చెక్కుతుంది అన్నయ్యా. ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలి, ఏం మాట్లాడినా సరే" అనేది. పక్కింటివాళ్లు పై అంతస్తు వేయడంతో గోడకున్న డిష్‌కు ఆకాశం మూసుకుపోయింది. ఎంతాయన ఒక్కడే వచ్చి, దాన్ని విప్పి రేకుల మీదికి మార్చాడు. మీటరు చెవులు గింగుర్లెత్తేలా అరిచింది. అయినా టీవీ మాత్రం సరిగా రాలేదు.

మొదటిసారి కనెక్టర్లు మార్చాడు. రెండోసారి కేబుల్ మొత్తం కొత్తది లాగాడు. మూడోసారి డిష్ ముందు సిగ్నల్ పట్టే తలను కూడా మార్చేశాడు. ప్రతిసారీ అదే తంతు. పైన మీటరు అదిరిపోతుంది. కేబుల్ మళ్లీ డిష్‌కు తగిలించి "వచ్చిందా అమ్మా?" అంటే "వచ్చింది, వచ్చింది!" అని కింద్నుంచి కేక. దిగి గదిలోకి వచ్చేసరికి తెర నల్లగా ఉంటుంది.

"మీరు పైనున్నంతసేపూ బొమ్మ బంగారంలా ఉంటుంది. గుమ్మంలో అడుగు పెట్టారో లేదో పోతుంది. మిమ్మల్ని చూసి సిగ్గుపడుతోందేమో!"

"అంత అందగాణ్ణా అమ్మా నేను?"

"అందం సంగతి నాకెందుకు అన్నయ్యా. ఆ మొహం కాస్త టీవీకి చూపించకుండా వెళ్లిపోండి, చాలు."

ఇద్దరూ నవ్వుకున్నారు. జవాబు ఆ ఎగతాళిలోనే ఉంది. కానీ ఎగతాళిని ఎవరు లెక్కలోకి తీసుకుంటారు?

నాలుగోసారి వచ్చేసరికి ఆవిడ నవ్వలేదు. "ఇవాళ కుదరకపోతే విప్పి పట్టుకుపోండి. నాలుగు మాటలు వినపడతాయని కదా పెట్టించుకున్నది" అంది. ఎంతాయన మీటరు పక్కన పెట్టి, ఆవిణ్ణే తెర మీది అంకె చూసి చెప్పమని పైకెక్కాడు.

"ఎంత?"

"తొంభై!"

ఇటు తిప్పాడు. "ఎంత?"

"తొంభై!"

అటు పూర్తిగా తిప్పేశాడు. "ఇప్పుడెంత?"

"తొంభయ్యే!"

అనుమానమొచ్చి దిగివచ్చాడు. "నిజంగా కనపడుతోందా అమ్మా మీకు?"

"దగ్గర చూపు కళ్లజోడు కదా అన్నయ్యా. సూది బెజ్జం కనపడుతుంది, అంత దూరంలో అంకెలెక్కడ కనపడతాయి?"

"మరి తొంభై అన్నారు?"

"పెద్ద అంకె చెబితే మీరు సంతోషిస్తారని."

ఎంతాయన గుమ్మం మెట్ల మీద కూలబడ్డాడు. ఆవిడ మంచినీళ్లిచ్చి, ఊరికే అడిగినట్టు అడిగింది. "ఇంతకుముందు కింద ఒకబ్బాయి ఉండి అరిచేవాడు కదా. మీరిద్దరూ వస్తే వీధి వీధంతా సందడిగా ఉండేది. ఆ అబ్బాయి ఏడి?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఫోన్ తీశాడు. "తమ్ముడు" దగ్గర వేలు ఆగింది. ఈసారి వెనక్కి రాలేదు.

ఐదుసార్లు మోగింది. ఎత్తారు. అవతల మోటారు తిరుగుతున్న రొద వినిపించింది. తర్వాత ఆ రొద కూడా ఆగిపోయింది.

"నేనేరా" అన్నాడు ఎంతాయన. "మీ బావని. టైలరమ్మ ఇంటి దగ్గరున్నాను. కింద మనిషి లేడు."

లైను తెగిపోయింది.

పైకెళ్లి రేకుల మీద డిష్ పక్కన కూర్చున్నాడు. చుట్టూ కనుచూపు మేర డాబాలు, డాబాల మీద డిష్‌లు, అన్నీ ఒకే వైపు మొహం తిప్పుకుని ఉన్నాయి. వాటిలో సగం తను తిప్పినవే. ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. చెయ్యి ఊరుకోక స్పానరు తీసుకుని బోల్టు వదులు చేసి, డిష్ కాస్త జరిపి, ఎవరూ లేరని తెలిసే, అలవాటుగా అన్నాడు.

"ఎంత?"

"నలభై రెండు" అంది కింద్నుంచి ఆ గొంతు.

ఎంతాయన గభాలున కిందికి తొంగి చూడబోయాడు. చేతిలోని డిష్ పక్కకు జరిగింది.

"ముప్పై ఆరు" అంది గొంతు. "సరిగా పట్టుకో."

ఇక అంకెలు తప్ప మరో మాట లేదు. యాభై. అరవై మూడు. డెబ్బై... ఎనిమిది. డెబ్బై. వెనక్కి. డెబ్బై ఎనిమిది. ఎంతాయన బోల్టు బిగించి, స్పానరు జేబులో పెట్టుకుని, రేకుల మీంచి అంచునున్న పిట్టగోడ మీదికి కాలు వేశాడు.

"ముప్పై తొమ్మిది!"

"ఏంట్రా?" అంటూ మళ్లీ రేకుల మీదికి వచ్చాడు.

"డెబ్బై ఎనిమిది!"

గోడ మీదికి వెళ్లాడు.

"ముప్పై తొమ్మిది! ఆగు బావా, కదలకు! ఇప్పుడు మళ్లీ రేకుల మీదికి రా... ఆఁ, డెబ్బై ఎనిమిది! నువ్వుంటే వస్తోంది బావా, నువ్వు దిగితే పోతోంది!"

"మొదట్నుంచీ నేను మొత్తుకుంటున్నది అదే కదా!" అని టైలరమ్మ అరిచింది.

రేకులు పల్చన. డిష్ స్తంభం ఆ రేకులకే బిగించి ఉంది. ఎంతాయన డిష్ వెనక నిలబడినప్పుడల్లా ఆయన బరువుకు రేకు కుంగి, స్తంభం వెనక్కి వాలి, డిష్ కాస్త మొహమెత్తుతోంది. ఆ వంపులోనే సిగ్నల్ వెతికి, ఆ వంపులోనే బిగించి దిగిపోతున్నాడు. దిగగానే రేకు లేస్తోంది, డిష్ తల వంచుకుంటోంది. వంగేది ఒక డిగ్రీయో రెండు డిగ్రీలో. కానీ ఉపగ్రహం ఉన్నది ముప్పై ఆరు వేల కిలోమీటర్ల దూరంలో. ఇక్కడ ఒక్క డిగ్రీ తప్పితే అక్కడ ఆరు వందల కిలోమీటర్లు పక్కకు చూస్తున్నట్టు. మీటరుకు ఇదేమీ తెలియదు. మనిషి పక్కనున్నప్పుడే అది అరుస్తుంది. మనిషి వెళ్లాక ఏమవుతుందో చూడాలంటే ఇంకో మనిషి కావాలి.

స్తంభం విప్పి పిట్టగోడకు బిగించారు. గోడకు రంధ్రాలు వేస్తుంటే ఒకరు పట్టుకున్నారు, ఒకరు వేశారు. ఈసారి ఎంతాయన నిచ్చెన మీద నిలబడి తిప్పాడు. ఎనభై ఒకటి. దిగాడు. ఎనభై ఒకటి. గదిలోకి వచ్చి, టీవీ ఎదుట నిలబడి, మొహం బాగా చూపించాడు. బొమ్మ కదల్లేదు. తెర మీద ఎవరో ఇద్దరు ఏదో పనికిరాని విషయం గురించి తెగ వాదించుకుంటున్నారు. టైలరమ్మ తృప్తిగా మిషను తొక్కడం మొదలుపెట్టింది.

పెరట్లో కుళాయి దగ్గర ఇద్దరూ చేతులు కడుక్కున్నారు.

"ఆ రోజు అన్న మాట..." అన్నాడు ఎంతాయన.

బావమరిది చేతులు కడుగుతూనే ఉన్నాడు. మురికి ఎప్పుడో పోయింది. "ఇందాక ఫోన్ మోగితే చూశాను. అక్క అని వచ్చింది. చేతిలో ఉన్న తీగచుట్ట జారిపోయింది. మొత్తం ఊడిపోయింది బావా, మళ్లీ మొదట్నుంచి చుట్టాలి."

"అందుకేరా ఇన్నాళ్లూ చెయ్యనిది."

"తెలుసు. చేస్తావేమోనని రోజూ చూసేవాణ్ణి. చేస్తే ఎలా అని భయం కూడా వేసేది."

కుళాయి కట్టేసి, ఎంతాయన అన్నాడు. "పేరు మార్చుకో అయితే."

"ఏమని పెట్టమంటావు?"

పది నెలల కిందట 'ఏమవుతావురా?' అని తను విసిరిన ప్రశ్నే, చేతికి నెమ్మదిగా అందించినట్టు తిరిగి వచ్చింది. ఎంతాయన తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

"బావ అని పెట్టుకో."

బావమరిది ఫోన్ తీశాడు. ఆ పేరు మీద వేలు పెట్టి, తీసేసి, ఫోన్ మళ్లీ జేబులో వేసుకున్నాడు. "నువ్వు ఇంకో నంబరు తీసుకో బావా. దానికి పెట్టుకుంటాను. ఇది ఇలాగే ఉండనీ."

ఎంతాయన మర్నాడే కొత్త నంబరు తీసుకున్నాడు. పాత ఫోన్ ఇంట్లో ఆవిడ కూర్చునే చోట, ఎప్పుడూ చార్జింగ్‌లో ఉంటుంది.

బావమరిది మోటార్ల కొట్టు వదల్లేదు. అక్కడ నీడపట్టున పని, చెయ్యి కుదిరింది. కొట్టుకు ఆదివారం సెలవు. ఆ ఒక్కరోజు వీధిలో రెండు గొంతులు వినపడతాయి. మిగతా ఆరు రోజులూ ఎంతాయన ఒక్కడే మీటరు పట్టుకుని కప్పులెక్కుతాడు. అయితే ఒక అలవాటు కొత్తగా వచ్చింది. బోల్టు బిగించాక మీటరును డిష్ దగ్గరే వదిలేసి, తను నిచ్చెన దిగి నేల మీద నిలబడతాడు. పైన కీచుమనే చప్పుడు అలాగే ఉందా, తగ్గిందా అని చెవి ఒగ్గి వింటాడు. విని, మళ్లీ పైకెక్కుతాడు.

దిగేముందు ఒక్కోసారి "ఎంత?" అంటాడు. వీధి పిల్లలెవరైనా వింటే "తొంభై!" అని అరుస్తారు. ఎవరూ లేని రోజుల్లో కాసేపు ఆగి, కిందికి దిగి, నిచ్చెన భుజానికెత్తుకుని వెళ్లిపోతాడు.