అమావాస్యనాడు లెక్కపెట్టిన బస్సు

ఆరేళ్లుగా ఒక అంకెను మోస్తున్నాను. ఏడు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

అప్పట్లో వికారాబాద్‌లో ఉంటూ ఒక ప్రభుత్వ శాఖలో పనిచేసేవాణ్ని. మారుపేరుతో మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసేవాణ్ని. జనం ఎక్కని బస్సులు ఆపేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. యాలాల్ అవతలి పల్లెల నుంచి తాండూరు వెళ్లే పొద్దుటి బస్సులో ఎందరు ఎక్కుతున్నారో ఒక్కరోజు లెక్కపెట్టి రమ్మని నన్ను పంపారు.

ఆ రోజు అమావాస్య. సీట్లు ఖాళీ. కండక్టరమ్మ నా చేతిలోని కాగితం చూసింది.

“ఇయ్యాల అమాస గద సారూ, ఎవరొస్తరు? కాలేజీ పిల్ల మంజుల సుత రాలే. వాళ్లమ్మ గడప దాటనియ్యదు. రేపు రండ్రి, నిలవడనీకి జాగ దొరికితే నన్నడుగుండ్రి.”

“బస్సుకు అమావాస్య ఉంటుందామ్మా?” అన్నాను.

“బస్సుకేమెరుక? మీకు ఎరుకనే గద!” అని నవ్వింది.

ఎరుకే. అయినా ఏడుగురని రాశాను. పక్కన ‘వివరణ’ అనే గడిని ఖాళీగా వదిలేశాను. ఎందుకు? అమావాస్య అని రాస్తే దానికి తలవంచినట్టవుతుందనుకున్నానా, లేక మర్నాడు మళ్లీ అంత దూరం రావడానికి బద్ధకించానా? రెండూ. అమావాస్య చెడ్డదన్నది నమ్మకమే కావచ్చు. ఆ రోజు జనం బయల్దేరరన్నది మాత్రం నా కళ్లముందున్న వాస్తవం. హేతువాదినని చెప్పుకునే నేను దాన్నే దాచాను.

బస్సు ఆపేశారు. తాండూరులో జనం ధర్నాకు కూర్చున్నారు. శాసనసభలో మా శాఖ మంత్రి నా ఏడుగురి లెక్కనే చదివారు. మర్నాడే నేను ఆ మారుపేరుతోనే వ్యాసం రాశాను: శాఖ తప్పుకు మంత్రే జవాబు చెప్పాలి, కింది ఉద్యోగి కాగితం చాటున దాక్కోకూడదు. ఆ సూత్రం ఇప్పటికీ సరైనదే. ఆయన నా కాగితం చాటున దాక్కున్నారు. నేను ఆ సూత్రం చాటున దాక్కున్నాను. ధర్నాలో నా వ్యాసం చదివి చప్పట్లు కొట్టారట.

మంత్రి మారారు. బస్సు రాలేదు. ఏడాది తర్వాత తాండూరు బస్టాండులో ఆ కండక్టరమ్మే కనబడి చెప్పింది. పొద్దున వేళకు ఆటో దొరక్క మంజుల రెండో సంవత్సరంలో చదువు మానేసింది. నాపరాయికి పాలిష్ పట్టే చోట పనిచేస్తోంది. విన్నాను. బాధ కలగాలి కదా? కలగలేదు. చేతిలో ఉన్న చాయ్ తాగేశాను. నా లోపలేదో మొద్దుబారిపోయింది. ఇప్పటికీ అంతే.

తప్పుకు జవాబు చెప్పమని మంత్రిని అడిగినట్టు నన్ను నేను అడగడానికి ఇన్నేళ్లు పట్టింది. మీరిది చదివినా ఆ పిల్లకు కాలేజీ తిరిగి రాదు. రాశాక నాకు మాత్రం ఊపిరి కాస్త తేలికగా ఆడుతోంది. ఆ తేలిక కూడా నాకే దక్కింది, మంజులకు కాదు.