ఐదువందలు నిద్రపో

మామిడిరసం మీరు తాగి ఉంటారు. నేను అందులో నిలబడ్డాను. చిత్తూరులో వరద రావడం అరుదు గదా, అందుకని నేనే ఒకటి తెప్పించాను.

తొంభైల చివర్లో తిరుపతిలోని ఒక చిన్న కంప్యూటర్ సంస్థలో పనిచేసేదాన్ని. కిటికీలోంచి కొండ కనబడేది. దానిమీదికి మబ్బు దిగుతుంటే నేను కలల్లోకి దిగేదాన్ని. యంత్రాలను క్షణం తప్పకుండా నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లు రకరకాలు. ఒకదానికి రాసిన ప్రోగ్రాము ఇంకోదానికి పనికిరాదు. అన్నిటికీ ఒకే పిలుపులు, అంటే ఒకే ఆజ్ఞలు, ఉండే ప్రమాణం నేను తయారుచేస్తానట! 'మొదలుపెట్టు', 'నిద్రపో', 'ఆపు'. లోకంలోని యంత్రాలన్నీ నా మాటకు తలూపుతున్నట్టు ఉండేది. ఆ మైమరుపులో, నిద్రపొమ్మని ఇచ్చే అంకె సెకన్లా, సెకనులో వెయ్యో వంతులా అన్నది రాయలేదు. నిద్ర సుఖమెరగదంటారు, నా నిద్ర కొలతే ఎరగదు.

మొదటి పరీక్ష చిత్తూరు దగ్గర ఒక మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో. యజమాని నాయుడుగారికి నచ్చితే మాకు చేతినిండా పని, లేకుంటే ఆఫీసుకు తాళం. పంపు మొదలుపెట్టు, ఐదువందలు నిద్రపో, పంపు ఆపు అని ప్రోగ్రాము రాశాను. నా లెక్కలో అర సెకను. నా పిలుపులను ఆ యంత్రానికి అమర్చిన మా ఆఫీసు మునిరత్నం అన్న వాటిని సెకన్లు అనుకున్నాడు.

నాయుడుగారు మీట నొక్కారు. డబ్బా నిండింది. రసం ఆగలేదు. డబ్బా దాటి, బల్ల దాటి, ఎండలో మెరుస్తూ నేలంతా పరుచుకుంది. నిజం చెప్పొద్దూ, ఎంత బాగుందో. సాయంకాలం కరిగి నా కాళ్లమీదికి నడిచొస్తున్నట్టు. ఆపే మీట నొక్కి, అలా చూస్తూ ఉండిపోయాను.

"ఏం మా, నీ మిషను ఏం సేస్తా ఉండాది?" అన్నారు నాయుడుగారు.

"నిద్రపోతా ఉండాది సార్."

"లేపు మరి."

"ఆపే మీట నొక్కినాను సార్. అది లేసినాక సూసుకుంటాది."

"ఎప్పుడు లేస్తాది?"

నేను మునిరత్నం అన్న వైపు చూశాను. "ఐదువందల సెకన్లే గదమ్మా?" అన్నాడు.

"సెకన్లు కాదన్నా, వెయ్యో వంతులు."

"యాడ రాసినావు?"

ఆలస్యం అమృతం విషం అంటారు. చిత్తూరులో ఆలస్యం మామిడిరసం.

అన్న రసంలో జారుతూ పోయి మెయిన్ స్విచ్ దించాడు. పంపు ఆగింది. అంతా తియ్యటి వాసన. నాయుడుగారు చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నారు.

"వెయ్యో వంతు అంటే ఎంతసేపు మా?"

"రెప్ప వేసేలోపల బోలెడు అయిపోతాయి సార్."

"కాయ నెలల తరబడి సెట్టుమీదే కూసోనుంటాది. దానికి లేని తొందర నీకెందుకు మా? నిదానంగా కొలత రాసుకోని రా."

మధ్యాహ్నమంతా నేల కడిగాం. కొలత రాసి, ఆపే మీటకు నిద్ర మధ్యలో లేపే హక్కు కూడా ఇచ్చాను. మళ్లీ నడిపితే రసం డబ్బా అంచున బుద్ధిగా ఆగింది. పని మాకే దక్కింది.

తిరుపతి బస్సెక్కాను. కండక్టర్ నా పక్కకొచ్చి ముక్కు ఎగబీల్చాడు.

"కాయలకు లగేజీ టికెట్ తీసుకోమ్మా."

"నా దగ్గర కాయలు లేవప్పా."

"బస్సంతా వాసనొస్తాంటే లేవంటావే?"

వాదించే ఓపిక లేదు. నా రెండు కాళ్లకూ కలిపి ఒక లగేజీ టికెట్ తీసుకున్నాను.

ఆనాటి నుంచి ఇది నా ఒట్టు: ఎంతసేపో, ఎవరు లేపాలో తేల్చకుండా ఏ యంత్రాన్నీ నిద్రపుచ్చను. పిల్లలకు జోల పాడేటప్పుడు మాత్రం ఈ ఒట్టు చెల్లదు.