నేరేడు పండ్ల వాసన

జెర్సీ సిటీలో మా పై అంతస్తులో ఉండే అక్కకి వైన్ తాగడం కంటే వాసన చూడడమే ఇష్టం. మూడేళ్లు వెయిటింగ్ లిస్టులో ఉండి, పేరున్న ఒక వైనరీలో మెంబర్ అయింది. ఏటా కొత్త వైన్లు రుచి చూపించే రోజున నన్ను డ్రైవ్ చేయమనేది.

అక్కడ కళ్లు గట్టిగా మూసుకుని గ్లాసు చాపేది.

"రంగు చూస్తే ముక్కు మోసపోతుందిరా," అనేది.

పోసే అమ్మాయి "బ్లాక్‌బెర్రీ, సెడార్ చెక్క వాసనలు" అనబోతే చెయ్యి అడ్డం పెట్టేది. "అవన్నీ నేనెక్కడ చూశాను తల్లీ! ఇది మామిడి తాండ్ర. ఇందాకటిది తడిసిన గోనెసంచి." నేను ఇంగ్లీషులో చెప్పేసరికి ఆ అమ్మాయి పగలబడి నవ్వేది.

కిందటేడు అక్కకి కీమో చేశారు. ఈ వసంతంలో తలకి స్కార్ఫ్ కట్టుకుని, "బుక్ చేశాను, పద," అంది.

"కీమో తర్వాత వాసనలు తెలుస్తున్నాయా అక్కా?" కార్లో అడిగాను.

"నా ముక్కుకేంరా, భేషుగ్గా ఉంది."

బల్ల దగ్గర ఎప్పటిలాగే కళ్లు మూసుకుని గ్లాసు చాపింది. ఆ అమ్మాయి ముందు నాకు పోసింది. ఆ చప్పుడు విని, తనకే పోసిందనుకుని, అక్క గ్లాసు ముక్కుకి ఆనించుకుంది. చాలాసేపు పీల్చింది.

"నేరేడు పండ్లు," అంది, ముఖం విప్పారుతుండగా. "వానకి రాలి పగిలినవి. అంతేనంటావా?"

ఆమె గ్లాసులో చుక్క లేదు. ఆ అమ్మాయి సీసా పట్టుకుని నా వంక చూసింది.

"అవునక్కా," అన్నాను. "నేరేడు పండ్లే."