అవ్వ పెట్టిన రూలు

తొంభైల్లో ఒకసారి ఉదయగిరి నుంచి దుత్తలూరు వెళ్తుంటే, పదహారేళ్ల అమ్మాయి మోపెడ్ తోసుకెళ్తూ కనిపించింది. వెనకే వాళ్ల అవ్వ చేతులు ఊపుకుంటూ నడుస్తోంది.

“పంక్చరా అమ్మా?” అంటూ స్కూటర్ ఆపాను.

“బండి బాగానే ఉండాది సార్. స్కూలుకి ఒంటరిగా బండి మీద పోతానంటే అవ్వ రూలు పెట్టింది. ఎంత దూరం నుంచి తోసుకోని ఇంటికి రాగలనో, అంత దూరమే పోవాలంట. ఇప్పుడు స్కూలు కాడ్నించి వస్తన్నాం.”

సాయం చేయబోయాను.

“ముట్టుకోబాకయ్యా!” అంది అవ్వ. “నువ్వు చెయ్యేస్తే మళ్లీ మొదట్నుంచి తోయాల.”

పంతానికి నా స్కూటర్ నేనూ తోస్తూ వాళ్లతో నడిచాను. కాసేపటికే నాకు ఆయాసం వచ్చింది. ఆ పిల్ల ఎక్కడా ఆగలేదు.

ఇంటి ముందు స్టాండు వేయగానే అవ్వ కొంగుముడి విప్పి, బండి తాళంచెవి మనవరాలి చేతిలో పెట్టింది.

“రేపట్నుంచి నేను రాను. పో.”